ఒకే కణుపు

షామీర్‌పేట చెరువు కింద, ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్ళు పాతిన నేలలో, ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవి. రాతి కడీలు నిలబెట్టి, వాటి మీద వైర్లు లాగి, తలెత్తితే ఆకాశం కనబడనంత దట్టంగా పందిరి అల్లించేవారు. అనాబ్-ఎ-షాహి రకం. కాస్త కోలగా, లేత ఆకుపచ్చగా ఉండే పండ్లు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కొమ్మలు కత్తిరిస్తే, ఎండలు ముదిరే ముందు గుత్తులు కోతకొచ్చేవి.

అలాంటి ఒక తోటకు మేడ్చల్ దిక్కు నుంచి మెట్టినింటికొచ్చిన చిన్నకోడలు పనికి పోయేది. పెళ్ళయి ఏడాది నిండలేదు. ఇంట్లో అత్తమ్మ, మామ, బావగారి కుటుంబం. కొత్త జంటకొక అర్ర. పెనిమిటి మంచివాడు. తాగడు, మాట తూలడు. పొద్దుగూకి ఇంటికి రాగానే ఆమె భుజం మీద చెయ్యి వేసేవాడు.

చిక్కంతా ఆ చెయ్యితోనే వచ్చింది.

కొన్ని రోజులు ఆ చెయ్యి కోసం ఆమె పొద్దటి నుంచి ఎదురుచూసేది. వాకిట్లో సైకిలు చప్పుడు వినగానే ముఖం విచ్చుకునేది. రాత్రి తనే అతని వేళ్ళ మధ్య తన వేళ్ళు దూర్చి, అతని మెడ దగ్గర ముఖం ఆనించి నిద్రపోయేది. మరికొన్ని రోజులు అదే చెయ్యి, అదే భుజం మీద, అంతే మెత్తగా పడినా ఒళ్ళు బిగుసుకుపోయేది. ఊపిరి పైకి లాగినది కిందికి దిగేది కాదు. కోపమా అంటే కోపం లేదు. అతనంటే రోతా అంటే అదీ లేదు. పక్కకు జరిగేది. జరిగాక, ఎందుకు జరిగానా అని గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకునేది.

అతను మొదట్లో నవ్వి ఊరుకున్నాడు. తర్వాత అడిగాడు.

"నేనంటె ఇష్టం లేదా?"

"ఉన్నది."

"మరి?"

"తెల్వదు."

ఆ జవాబుతో అతనికి తృప్తి కలగలేదు. దోస్తులను కదిపి చూశాడు. ఆడోళ్ళు వద్దంటె సిగ్గే, నువ్వే చొరవ చెయ్యాలె అన్నాడొకడు. నాలుగు దినాలు ముట్టకుండ ఉండు, తనే వస్తది అన్నాడింకొకడు. మొదటివాడి మాట విని ఒక రాత్రి ఆమె జరిగినా వదలక దగ్గరికి లాక్కోబోయాడు. ఆమె కళ్ళు చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆ కళ్ళు అతనికి చాలా రోజులు గుర్తుండిపోయాయి. తర్వాత రెండోవాడి మాట పట్టుకుని, ముట్టుకోవడమే మానేశాడు. మంచానికి ఆ అంచున ముడుచుకుని పడుకునేవాడు.

ఆమెకు ఇది మరీ బరువైంది. వద్దనిపించే రోజుల్లోనైనా నెమ్మది దొరకాలి కదా, దొరకలేదు. కావాలనిపించే రోజుల్లో అడగడానికి నోరు రాలేదు. ఇవాళ అడిగితే రేపు వద్దనే హక్కు పోతుందేమో అన్న భయం గొంతు దగ్గర అడ్డుపడేది. నాలోనే ఏదో లోపమున్నదని తీర్మానించుకుని, ఆ తీర్మానాన్ని మోసుకుంటూ తోటకు పోయేది.

తోటలో పని నేర్పే ముసలవ్వ ఒకామె ఉండేది. ఏప్రిల్ కత్తిరింపు అయిపోయి కొత్త కొమ్మలు సాగుతున్న రోజుల్లో, ఒక వరుస అంతా చిన్నకోడలికి అప్పజెప్పింది. కొమ్మకొమ్మకూ నులితీగెలు గాలిలో చేతులు చాచి ఊగుతున్నాయి. చూసి ఆమెకు జాలేసింది. ఒక్కొక్క నులితీగెనూ పట్టుకుని వైరుకు చుట్టింది. చుట్టుకోని వాటిని జనపనారతో కట్టేసింది. తెల్లారి వచ్చి చూస్తే సగం చోట్ల వంచిన దగ్గరే విరిగి ఉన్నాయి. కట్టినవి వాడి వేలాడుతున్నాయి.

"ఏం జేసినవ్ బిడ్డా?"

"గాలిల ఊగుతున్నయని వైరుకు చుట్టిన అవ్వా."

"చుట్టుకునేటిది అది. నువ్వు చుట్టుడేంది? కొమ్మను వైరు పక్కకు తెచ్చి ఇడువు. దానికి అందేటంత దూరంల వైరుండాలె. గంతే మన పని."

పక్క వరుసలో అలాగే చేసింది. వైరు తగిలిన నులితీగెలు తెల్లారేసరికి ఒక మెలిక తిరిగి ఉన్నాయి. నాలుగు రోజులకు గుంజినా రానంత గట్టిగా పట్టుకున్నాయి. ఏమీ అందనివి మెల్లగా ఎండి రాలిపోయాయి. ఆమె ఇంకొకటి కూడా గమనించింది. వేలితో నులితీగెను కాసేపు రాసి వదిలేస్తే, అది వేలు ఉన్న దిక్కుకు కొంచెం వంగేది. వేలు తీసేసిన తర్వాత, చాలాసేపటికి, మళ్ళీ సాపుగా అయ్యేది.

"అవ్వా, ఇది పట్టుకుంటనని వంగి మళ్ళ మాట తప్పుతున్నది."

"మాటేమిచ్చింది బిడ్డా అది? నువ్వున్నంతసేపు వంగింది. నువ్వు పోయినంక సాపైంది. మళ్ళ ముట్టుకుంటె మళ్ళ వంగుతది."

అక్టోబర్ కత్తిరింపు అయింది. చలి దాటి గుత్తులు బరువెక్కాయి. పండు పండు మీదా సన్నని తెల్లని పొడి పూత. చిన్నకోడలికి ఆ పండ్లంటే పిల్లల మీద ఉన్నంత మురిపెం. మెరిస్తే ధర పలుకుతుందని, గుత్తి గుత్తినీ అరచేత్తో నిమిరి, కొంగుతో తుడిచి గంపలో పేర్చింది. మారుబేరగాడు వచ్చి గంపలు చూసి, ఆ గుత్తులన్నీ ఒక పక్కకు పెట్టేశాడు. వేళ్ళ గుర్తులు పడ్డ సరుకు అన్నాడు. సగం ధర కట్టాడు.

అవ్వ తిట్టలేదు. కత్తెర తీసుకుని, ఒక గుత్తిని కాడ దగ్గర పట్టుకుని, కోసి, పండు మీద వేలు పడకుండా గంపలో దించి చూపింది.

"కాడ పట్టాలె. పండును ముట్టొద్దు. ఆ పొడి ఉంటెనే దాని నీళ్ళు దాంట్ల ఉంటయి."

అప్పుడు ఆమెకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. "నులితీగెకేమో ఏదన్న తగలకుంటె బతుకు లేదు. పండునేమో ముట్టొద్దంటివి. ఒక్క చెట్టుకు రెండు బుద్ధులా అవ్వా? నేను దేన్ని నమ్మాలె?"

అవ్వ ఒక కొమ్మను కిందికి వంచింది. "ఈడ సూడు. ఆకు ఎదురుంగ నులితీగె. గా కింది కణుపుకాడ ఆకు ఎదురుంగ గుత్తి. రెండు ఒక్క తీరు మొలకలే. ఒకటి తీగెయితది, ఒకటి గుత్తయితది." ఇంకాస్త వెతికి, ఆకుల చాటున ఉన్న ఒకదాన్ని వేలితో చూపింది. అది నులితీగెలాగే మెలి తిరిగి ఉంది. కాని కొసన నాలుగు చిన్న కాయలు కాసి ఉన్నాయి.

"ఇది తీగెనా అవ్వా, గుత్తా?"

"దానికే తెల్వదు," అన్నది అవ్వ. "ముందుగాల ఏ మొలకకూ తెల్వదు. ఎండ, నీళ్ళు, కాలం అన్ని కూడుకుంటె ఏదో ఒకటయితది. మనం సూసుకుంట పోవాలె. తీగయితే వైరందియ్యాలె. పండయితే కాడ పట్టాలె. తీగెవా పండువా అని చెట్టును నిలదీస్తె ఏం జెప్తది?"

చిన్నకోడలు ఆ కొమ్మను వదలకుండా చాలాసేపు నిలబడింది. 'తెల్వదు' అన్న మాట ఇన్నాళ్ళూ ఆమె నోట తప్పు ఒప్పుకున్నట్టుగా వచ్చేది. అవ్వ నోట ఆ మాటలో ఏ తప్పూ లేదు.

ఆ రాత్రి మంచం మీద కూర్చుని పెనిమిటితో అన్నది: "నేనొక మాట చెప్త. అయ్యేదాంక నడుమ మాట్లాడకు. నీ చెయ్యి నాకు కావాలె. కొన్నిదినాలు వద్దు. రెండూ నిజమే. ఏ దినం ఏదో ముందుగాల నాకే ఎరుక ఉండదు. ఇయ్యాల నేనే దగ్గరికొస్తె రేపటికి బాకీపడ్డట్టు గాదు. వద్దన్ననని నువ్వు దూరం పోకు. అందేటంత దూరంల ఉండు."

అతను చాలాసేపు ఆలోచించాడు. "మరి నాకెట్ల తెలుస్తది?"

"నేను చెప్త. చెప్పకుంటె నువ్వు అడుగు. అడిగితె నాకు కోపం రాదు."

అప్పటి నుంచి అతను మంచం మధ్యలో అరచెయ్యి పైకి పెట్టి పడుకునేవాడు. కొన్ని రాత్రులు ఆమె చెయ్యి వచ్చేది. కొన్ని రాత్రులు ఆమె మొత్తంగా వచ్చేది. కొన్ని రాత్రులు ఏదీ రాదు. అతను నిద్రపోయేవాడు, పొద్దున్నే మామూలుగా పలకరించేవాడు. కొన్నాళ్ళకు అతని తల్లి పోయింది. దినాలయ్యాక ఒక సాయంత్రం ఆమె ఓదార్చబోయి తల మీద చెయ్యి వేస్తే, "ఇప్పుడొద్దు" అన్నాడు. ఆమెకు మనసు చివుక్కుమంది. ఆ చివుక్కు ఎలాంటిదో, ఇన్నాళ్ళూ అతను దాన్ని ఎట్లా మింగాడో అప్పుడే తెలిసింది. లేచి పోలేదు. అతనికి అందేంత దూరంలో కూర్చున్నది.

నీతి

దగ్గరితనం కోసం తపించడం, దగ్గరికి రాగానే ముడుచుకోవడం, రెండూ ఒకే మనిషిలో ఒకే చోట పుడతాయి. వాటిలో ఒకటి అసలు, మరొకటి నటన అని తేల్చబోయినవాళ్ళు ఆ మనిషిని విరిచేస్తారు. ఆ తేల్చే పని మన దగ్గర తరతరాలుగా జరుగుతోంది. ఆడమనిషి వద్దంటే ముద్దుగా వద్దంటోందని సినిమా చెప్పింది. మగవాడికి వద్దనిపించే రోజు ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆ అబద్ధం వల్ల, ఈ దాపరికం వల్ల ఎన్ని పడకగదుల్లో ఎంతమంది మౌనంగా నలిగిపోయారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

మన పెళ్ళినే చూడండి. వధూవరుల మొదటి స్పర్శకు మనం పెట్టిన ఏర్పాటు ఎంత గొప్పది! మధ్యలో తెర, ముహూర్తం, మంగళవాద్యాలు, ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం. తర్వాత పాణిగ్రహణం, చెయ్యి పట్టుకోవడమే ఒక సంస్కారం. ఇంతమంది పెద్దల నడుమ ఇంత నెమ్మదిగా మొదలైన స్పర్శకు, ఆ రాత్రి తలుపు మూశాక మాత్రం ఒక్క మాట తోడు లేదు. పదేళ్ళు దాటాక తండ్రి ఒళ్ళో కూర్చోని, అన్నను ఆనుకోని పిల్ల, ఊహ తెలిశాక ఎవరి ఆలింగనమూ ఎరగని పిల్లవాడు, ఒక్క పూటలో శరీరాలను పంచుకోవాలి. వాళ్ళకు కొన్ని రోజులు ఒళ్ళు బిగుసుకుంటే అందులో వింతేముంది?

శరీరం సంగతి శాస్త్రం కొంత వరకు విప్పి చూపింది. వెంట్రుకలున్న చర్మంలో సి-టాక్టైల్ అనే సన్నని నరాలున్నాయి. సెకనుకు సుమారు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనంతో, మెల్లగా నిమిరితే అవి బాగా పలుకుతాయి. తల్లి బిడ్డ వీపు నిమిరే వేగం ఇంచుమించు ఇదే. అయితే నరం పలికినంత మాత్రాన మనసు ఒప్పుకున్నట్టు కాదు. 2012లో వెలువడిన ఒక పరిశోధనలో, స్కానర్‌లో పడుకోబెట్టిన మగవాళ్ళ కాలిని నిమురుతూ, ఒకసారి స్త్రీ ముట్టుకుంటున్నట్టు, ఒకసారి పురుషుడు ముట్టుకుంటున్నట్టు దృశ్యం చూపించారు. నిజానికి ప్రతిసారీ నిమిరింది స్త్రీయే. అయినా మెదడు పైపొరలో స్పర్శను మొట్టమొదట అందుకునే భాగమే రెండు సందర్భాల్లో రెండు రకాలుగా స్పందించింది. అంటే, చెయ్యి ఒకటే అయినా అది ఎవరిదనుకుంటున్నాం అన్నదాన్ని బట్టి స్పర్శే మారిపోతుంది; మనం ఉన్న స్థితిని బట్టి కూడా మారవచ్చు. చిన్నకోడలు చెప్పిన 'తెల్వదు' శరీరం చెప్పిన నిజం.

కారణాలు అనేకం. రోజంతా చంటిబిడ్డను మోసిన తల్లికి రాత్రి ఇంకొక చెయ్యి భారం. మందులు, నెలసరి, నిద్రలేమి, దుఃఖం కావచ్చు. పుట్టుకతోనే కొందరి చర్మానికి తాకిడి ఎక్కువగా తెలుస్తుంది. చిన్నప్పుడు ఎవరో తప్పుగా ముట్టుకున్న జ్ఞాపకం ఉంటే అది వేరే మాట. దానికి ఓపికతో పాటు మంచి వైద్యుల, కౌన్సెలర్ల సాయం కావాలి, ఆ సాయం తీసుకోవడంలో చిన్నతనం లేదు. ఏ కారణమూ లేకపోవచ్చు కూడా. కారణం చూపించలేనివాళ్ళ 'వద్దు'కు విలువ తగ్గదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ రెండు మనసులను తెలుగు కవిత్వం ఎప్పుడో చూసింది, చూసినది ఒక స్త్రీ. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని కొలువులో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనంలో, రాధ తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి, ఆ పిల్లకు ఎలా మెలగాలో, కృష్ణుడు ఆమెతో ఎంత మెత్తగా ఉండాలో నేర్పి పంపుతుంది. పంపాక తనే విరహంలో కాగిపోతుంది. ఆయన తిరిగి వస్తే వెంటనే వాలిపోదు, కోపంతో దూరం పెడుతుంది. కోరుకున్నవాడినే నెట్టేస్తుంది. ఆయన బతిమాలి ఊరడించాలి. బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని 1910లో పూర్తి పాఠంతో అచ్చువేయిస్తే, మరుసటి ఏడే ప్రభుత్వం బూతుగా లెక్కగట్టి నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. కోరికను, అలకను కలిపి చెప్పిన స్త్రీ గొంతును మన సమాజం అన్నేళ్ళు పెట్టెలో పెట్టి తాళం వేసింది. దాని నష్టం ఇంకా తీరలేదు.

చట్టం కూడా ఈ దారిలో సగమే నడిచింది. 2005 నాటి గృహహింస చట్టం, ఇంట్లో జరిగే లైంగిక వేధింపును హింసగా గుర్తించింది. కాని 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ, అత్యాచారాన్ని నిర్వచించే 63వ సెక్షన్ కింద, 18 ఏళ్ళు నిండిన భార్య విషయంలో భర్తకు మినహాయింపు అలాగే ఉంది. చట్టం మారే దాకా ఆగనక్కర్లేదు. ఆ అర్రలో ఆ రాత్రి ఆ ఇద్దరూ చేసుకున్న ఒప్పందానికి ఏ సెక్షనూ అవసరం పడలేదు.

ఇవాళ షామీర్‌పేటలో రాజీవ్ రహదారి, మేడ్చల్‌లో 44వ నంబరు జాతీయ రహదారి, రెండింటినీ ఔటర్ రింగు రోడ్డు కలుపుతుంది. జీనోమ్ వ్యాలీ ల్యాబుల్లో పనిచేసే జంటలు వేరు వేరు షిఫ్టుల నుంచి అపార్టుమెంటుకు చేరుకుంటున్నారు. పక్క గదిలో అత్తమ్మ లేదు, చెవి ఒగ్గే వదిన లేదు. తలుపు గొళ్ళెం గట్టిది. ఇంత ఏకాంతం దొరికినా అడగడం, చెప్పడం మాత్రం దానంతట అది రాదు. ఇవాళ ఒకరు బాగా అలసి వచ్చి "పక్కన కూర్చో, చాలు" అంటే రెండోవాళ్ళు దాన్ని తిరస్కారంగా లెక్కపెట్టకుండా ఉండటానికి చిన్నప్పటి నుంచి అభ్యాసం కావాలి.

ఆ అభ్యాసానికి మన ఊళ్ళలో ఒక మంచి రోజు ఉంది. దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమని చేతిలో పెడతారు. చిన్నవాళ్ళు పెద్దల కాళ్ళకు మొక్కుతారు, ఈడువాళ్ళు అలయ్ బలయ్ ఇచ్చుకుంటారు. తెలంగాణలో మనిషిని మనిషి బహిరంగంగా, ఏ సిగ్గూ లేకుండా గుండెకు హత్తుకునే పండుగ అది, నాకు చాలా ప్రీతి. ఆ రోజున జమ్మి తెచ్చిన పసిపిల్లను చటుక్కున ఎత్తుకుని బుగ్గలు గిల్లి ముద్దులు పెట్టడం మాత్రం ప్రేమ పేరుతో జరిగే తొలి బలవంతం. పిల్ల ముఖం తిప్పుకుంటే "మామకు ముద్దు పెట్టు, పెట్టాలె" అని తల్లే వెనక నుంచి తోస్తుంది. వచ్చే దసరాకు ఆ మామ ఆకు అందుకుని, వంగి, "అలయ్ బలయ్ ఇస్తవా బిడ్డా?" అని అడగవచ్చు. ఇయ్యనంటే "మంచిదిరా, పండుగ జరుపుకో పో" అని పంపవచ్చు. తల్లి ఆ పిల్లను తొయ్యకుండా, "వద్దన్నదట" అని నవ్వకుండా, చెయ్యి పట్టుకుని పక్కింటికి జమ్మి ఇవ్వడానికి తీసుకుపోవచ్చు.